ఆశీర్వాదం తర్వాత మిగిలిన సగం

సముద్రానికి ఒడ్డు గీసిన దేవునికి స్తోత్రం. ఆ ఒడ్డు దాటి పోయిన మనిషిని తన చూపు దాటనివ్వని తండ్రికి స్తోత్రం. ఐగుప్తులో మట్టి తొక్కి ఇటుకలు చేసినవాళ్ళ మూలుగు విన్న చెవి ఆయనది. సిద్దిపేటలో గిన్నెలు తోముతూ గొణుక్కునే ఆడమనిషి మాట కూడా ఆ చెవికే చేరుతుంది. నేను రాయబోయేది ఆయన చేసిన పని. మధ్యలో జరిగిన పొరపాట్లు మావి.

మా సంఘం పట్టణం చివర రేకుల కప్పు కింద కూడుకుంటుంది. మా నాయిన సైకిలు మీద ఊరూరా తిరిగి వాక్యం చెప్పినవాడు. వాక్యం నాకు ఆయన దగ్గర వచ్చింది, ఇంగ్లీషు బడిలో వచ్చింది. ఈ రెండూ ఉన్నాయి కాబట్టి సంఘంలో నాకొక పని ఉంది. ఇంగ్లీషులో మాట్లాడే ప్రసంగీకులు ఎవరైనా వస్తే పక్కన నిలబడి తెలుగులో చెప్పాలి. ఆయన ఒక మాట అని ఆగుతాడు. నేను చెబుతాను. సంఘం ఆమేన్ అంటుంది. ఆయన మళ్ళీ మొదలు పెడతాడు. ఆయన గొంతు పెంచితే నేనూ పెంచాలి, ఆయన చెయ్యెత్తితే నేనూ ఎత్తాలి. చెయ్యెత్తకుండా తర్జుమా చేసేవాణ్ణి మా సంఘం నమ్మదు.

పోయిన వానకాలం మా అయ్యగారు ఒక సినిమా తెచ్చారు. పాస్టరుగారిని మేము అయ్యగారు అంటాం. అది ఇంగ్లీషు సినిమా, తెలుగు మాటలు లేవు. కథ పాతకాలం ఇంగ్లండులో జరుగుతుంది. ఆఫ్రికా మనుషులను పట్టుకొని, ఓడల అడుగున కుక్కి, సముద్రం అవతల అమ్ముకోవడం అప్పట్లో చట్టం ఒప్పుకున్న వ్యాపారం. పార్లమెంటులో ఒక విశ్వాసి దాన్ని ఆపాలని బిల్లు పెడతాడు, ఓడిపోతాడు, మళ్ళీ పెడతాడు. ఆయన వెనక ఒక ప్రార్థన గుంపు ఉంటుంది. మన సంఘం చూడాల్సిన సినిమా అన్నారు అయ్యగారు. ఇంగ్లీషు ఎట్ల అని అడిగితే నా వైపు చూశారు.

పాటల అక్షరాలు గోడ మీద వేసే ప్రొజెక్టరు మా దగ్గర ఉంది. కానీ ఆ గోడ మీద నీలిరంగుతో పెద్ద సిలువ గీసి ఉంటుంది. సినిమా వేసి చూస్తే ప్రతి మొహం మీదా ఆ సిలువ పడింది. ఓడల యజమాని మొహం మీద కూడా పడింది. మంచోడెవడో చెడ్డోడెవడో జనానికి తెలియదని అయ్యగారు తెల్లటి లాంక్లాత్ గుడ్డ తాను ఒకటి తీయించారు. క్రిస్మస్ నాటకంలో దేవదూతలకు అంగీలు కుట్టించడానికి స్త్రీల సమాజం వాళ్ళు కొని పెట్టిన తాను అది. సగానికి మడిచి, అంచులు కలిపి, గోడకు కట్టారు.

ఆదివారం సాయంత్రం కిటికీలకు దుప్పట్లు వేలాడదీశాం. ఇబ్రహీంపూర్ నుంచి, కుకునూరుపల్లి నుంచి కూడా వచ్చారు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. ప్రసంగీకుడైతే ఒక మాట అని ఆగుతాడు. సినిమా ఆగదు. అందుకని అయ్యగారు లాప్‌టాప్ ముందు కూర్చొని ప్రతి మాటకూ ఒకసారి ఆపేవారు. నేను చెప్పేవాణ్ణి. సంఘం ఆమేన్ అనేది. అప్పుడు సినిమాలో మనిషి నోరు మూసేవాడు.

మొదటి ఇబ్బంది ప్రార్థనల దగ్గర వచ్చింది. ఆ పార్లమెంటు పెద్దమనిషి మోకాళ్ళ మీద పడ్డప్పుడల్లా మా వాళ్ళంతా కండ్లు మూసుకున్నారు. ఆడవాళ్ళు కొంగులు నెత్తి మీదికి లాక్కున్నారు. ఎదుటి మనిషి ప్రార్థన చేస్తుంటే కండ్లు తెరుచుకొని చూడటం మా దగ్గర మర్యాద కాదు. ఆయన తెర మీదున్నాడా, ముందర ఉన్నాడా అన్న తేడా ఎవరూ పెట్టుకోలేదు. నేనూ మూసుకున్నాను. ఆయన ప్రార్థిస్తుండగా వెనక తలుపు తీసుకొని ఎవరెవరో వచ్చినట్టున్నారు, ఏదో ఇచ్చినట్టున్నారు. మేము కండ్లు తెరిచేసరికి గదిలో ఇంకొక మనిషి ఉన్నాడు.

"గీయన ఎప్పుడొచ్చిండు?" అని ముందు వరసలోంచి అవ్వ అడిగింది.

అవ్వ అంటే మా సంఘంలో అందరికంటే పెద్దామె. చాప మీద ముందు జాగ ఆమెది. ఎవరైనా తెలియక కూర్చుంటే ఏమీ అనదు, వాళ్ళ మీదనే కూర్చుంటుంది.

రెండో ఇబ్బంది నా వల్ల వచ్చింది. పార్లమెంటులో ఓడల తరఫున మాట్లాడటానికి ఒక బొద్దు మనిషి లేచాడు. ఈ వ్యాపారం ఆగితే దేశం పస్తులుంటుందని, మనుషుల్లో యజమానులూ పనివాళ్ళూ ఉండటం దేవుడు పెట్టిన ఏర్పాటని చెప్పాడు. గట్టిగా చెప్పాడు. నేనూ గట్టిగా చెప్పాను. సంఘం ఆమేన్ అంది. ఆయన బల్ల గుద్దాడు. నేను ప్రసంగం బల్ల గుద్దాను. వెనక నుంచి ఇద్దరు ముగ్గురు స్తోత్రం అన్నారు.

అయ్యగారు సినిమా ఆపి లేచారు. "ఇది ఆమేన్ అనే జాగ గాదు. వీడు అవతలి పార్టీ."

"మరి సారు మంచిగనే చెప్పిండు గదా," అంది అవ్వ నన్ను చూపించి.

"సారు మంచిగ చెప్పిండు. చెప్పిన మాట చెడ్డది."

"గట్లయితె ఎవలకు అనాలె, ఎవలకు అనొద్దు ముందుగాల చెప్పాలె అయ్యగారూ. ఇంతసేపు అన్నది వాపస్ అయితదా?"

అప్పటి నుంచి అవతలి పార్టీ మాట్లాడినప్పుడు చేతులు కట్టుకొని, చదివింపులు చదివినట్టు చప్పగా చెప్పాను.

మూడో ఇబ్బంది వల్లనే నేను ఇదంతా రాస్తున్నాను. సినిమా సగానికి వచ్చేసరికి బిల్లు ఓడిపోయింది. ఆ పెద్దమనిషి జబ్బు పడ్డాడు. నౌకాశ్రయంలో ఓడలు మళ్ళీ తెరచాపలు ఎత్తాయి. ఆయన ఒక్కడే చర్చికి పోయి చివరి బల్ల మీద కూర్చున్నాడు. అక్కడి ముసలి పాస్టరు రెండు చేతులూ ఎత్తి ఆశీర్వాదం చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను. మా వాళ్ళు తలలు వంచి, ఆమేన్ అని, లేచి, చాపలు చుట్టారు.

ఆశీర్వాదం అయ్యాక మా సంఘంలో ఎవరూ కూర్చోరు. ప్రసంగం గంటన్నర సాగినా కూర్చుంటారు, ప్రకటనలు ఎన్నున్నా వింటారు. ఆశీర్వాదం పడిందంటే మాత్రం చెప్పులు వెతుక్కుంటారు. అయ్యగారు కూడా అలవాటు కొద్దీ కండ్లు మూసుకొని ఉన్నారు. తెరిచేసరికి బయట ఆటోలు స్టార్టయ్యాయి. ఇంకా సగం ఉందని గేటు దాకా పోయి చెప్పాను. కుకునూరుపల్లి వాళ్ళు బస్సు పోతుందన్నారు. "అయిపోయింది గద సారూ, దీవెన సుత ఇచ్చిండు," అన్నారు.

ఆ విధంగా మా సంఘంలో బానిసల వ్యాపారం ఆ వారమంతా ఆగకుండా నడిచింది.

అవ్వకు ఒక కోడలు ఉంది. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమె భర్త, అంటే అవ్వ కొడుకు, సౌదీలో ఉన్నాడు. తోటపని అని చెప్పి ఒక ఏజెంటు పంపించాడు. ఆ ఏజెంటు ఇప్పుడు ఫోను ఎత్తడు. దిగిన తర్వాత తోట లేదు, ఎడారి ఉంది. అక్కడ మేకలను, ఒంటెలను కాయాలి. పాస్‌పోర్టు కఫీల్ తీసి దాచుకున్నాడు. అక్కడ పనికి పెట్టుకున్న యజమానిని కఫీల్ అంటారు. ఆయన సంతకం పెడితే తప్ప ఆ దేశం దాటి రావడానికి వీలు లేదు. ఒప్పందం గడువు ఎప్పుడో తీరిపోయింది. నీళ్ళ ట్యాంకరు వచ్చిన రోజు ఆ డ్రైవరు ఫోను ఇస్తే ఇంటికి చేస్తాడు. మేకలకు నీళ్ళు పోసేలోపు మాట్లాడటం అయిపోవాలి.

శుక్రవారం మా దగ్గర ఉపవాస ప్రార్థన. ఎవరి అవసరత వాళ్ళు లేచి చెబుతారు, అందరం కలిసి ప్రార్థిస్తాం. ఆ చెల్లె ప్రతి శుక్రవారం లేచి ఒకటే మాట చెప్పేది. "మా ఇంటాయన పాస్‌పోర్టు ఆయన చేతికి రావాలె, ఆయన ఇంటికి రావాలె, ప్రార్థన చెయ్యిండ్రి." మాకందరికీ కంఠతా వచ్చిన అవసరత అది. ఆమె లేవకముందే కొందరు మోకాళ్ళ మీదికి వచ్చేవాళ్ళు.

సినిమా తర్వాత వచ్చిన శుక్రవారం ఆమె లేవలేదు. బదులు అవ్వ లేచింది.

"ఆ ఓడలల్ల ఉన్నోళ్ళ కోసం ప్రార్థన చెయ్యాలె," అంది.

అయ్యగారు నిదానంగా చెప్పారు. "అవ్వా, అది అయిపోయింది. వాళ్ళు రెండు వందల ఏండ్ల కిందటోళ్ళు."

"అయిపోతె మనకెందుకు సూపెట్టిన్రు?"

దానికి జవాబు చెప్పాలంటే మొత్తం ప్రసంగం కావాలి. అయ్యగారు ప్రార్థించడమే నయమనుకున్నారు. ఓడల్లో ఉన్నవాళ్ళ కోసం మేమంతా మోకరించాం. అవ్వ కన్నీళ్ళతో ప్రార్థించింది. ఆలస్యమైందని దేవుడు ఆ ప్రార్థనను పక్కన పెట్టాడని నేను అనుకోను. ఆయన దగ్గర మన క్యాలెండరు ఉండదు.

కానీ కోడలు ఎందుకు లేవలేదన్నది నన్ను పట్టుకుంది. మర్నాడు బడి దగ్గరికి పోయాను. పిల్లలు తిని పోయారు. ఆమె వంటగది వెనక పెద్ద గంజును బోర్లించి బూడిదతో తోముతోంది.

"ఏం చెల్లె, నిన్న లేవలేదు."

"ఏం లేస్త అన్నా." తోమడం ఆపలేదు. "ఆయన గంత పెద్దమనిషి. పార్లమెంటుల కూసున్నడు. గుర్రం బండి ఉన్నది. ఇంగ్లీషుల ప్రార్థన చేసిండు. గాయన అడిగితెనే కాలె. పడకేసిండు. ఓడలు మంచిగ పోయినయి. నేను అన్నం వండుకునేదాన్ని, నేనడిగితె అయితదా?"

"అది సగమే చెల్లె. ఇంకో సగం ఉంది."

"గా సగంల గెలుస్తడా?"

"గెలుస్తాడు."

"జల్దీనేనా?"

అబద్ధం చెప్పకూడదు. "కొంత టైం పట్టింది," అన్నాను.

ఆమె గంజును వెల్లకిలా తిప్పి నీళ్ళు పోసింది. నేను వాక్యంలోంచి ధైర్యం చెబుదామని, న్యాయాధిపతి గడప అరిగేలా తిరిగి తిరిగి న్యాయం సంపాదించుకున్న విధవరాలి సంగతి ఎత్తాను.

"విధవరాలంటవేంది అన్నా," అంది. "మా ఆయన బతికే ఉన్నడు."

క్షమించమన్నాను. ఆదివారం రమ్మన్నాను. ఆమె వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఆమె అడగడం మానేస్తే ఆ మనిషి గురించి భూమి మీద అడిగే నోరు ఇంకొకటి లేదు. అవ్వ నోట కొడుకు సంగతి రాదు, అందుకే ఆమె ఓడల గురించి అడుగుతుంది. ఆ సంగతి నాకు ఇంటికొచ్చే దారిలో తట్టింది.

ఆదివారం సినిమా మొదలుపెట్టే ముందు అయ్యగారు ప్రకటన చేశారు. "సినిమాల ఎవరు ప్రార్థన చేసినా మనం కండ్లు మూసుకోవద్దు. ఎవరు ఆశీర్వాదం ఇచ్చినా లేవద్దు. ఆశీర్వాదం నేను ఇస్త. నేను ఇచ్చినదే లెక్క."

కోడలు వచ్చింది. అవ్వ పక్కన, ముందు వరసలోనే కూర్చుంది.

రెండో సగంలో ఆ పెద్దమనిషి లేచాడు. ఆయనకు పెండ్లయింది, ఇంకొన్ని బిల్లులు ఓడిపోయాయి, జుట్టు తెల్లబడింది. చివరికి బిల్లు గెలిచింది. సభలో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మావాళ్ళూ లేచి హల్లెలూయ అన్నారు. అయ్యగారు కండ్లు తుడుచుకున్నారు. అవ్వ వెనక్కి తిరిగి, "మొన్న శుక్రవారం ప్రార్థన చేసినం గదా," అంది అందరితో.

కోడలు మాత్రం కూర్చొనే ఉంది. "ఎన్నేండ్లు పట్టింది అన్నా?" అని అడిగింది.

సంఘమంతా నా వైపు చూసింది. "ఇరవై ఏండ్ల దాకా," అన్నాను.

"మరి ఓడలు ఆగినయి సరే. అప్పటికే దిగినోళ్ళు? ఆడ పని చేసేటోళ్ళు?"

ఆమె అడిగింది సరైన ప్రశ్న. సినిమా అక్కడిదాకా పోలేదు, చరిత్ర పోయింది. "వాళ్ళను విడిచిపెట్టే చట్టం రావడానికి ఇంకో పాతికేండ్లు."

సినిమా చూపించి ఆమెను నిలబెడదామనుకున్నాం. పాతికా ఇరవై కలిపి ఆమె ముందు పెట్టాం.

అవ్వ అంది, "గప్పటిదాక మా పోరడు ఆడనే ఉంటె వాడు మేకలను కాసుడు గాదు, మేకలే వాన్ని కాయాలె."

నవ్వాలో వద్దో తెలియక కొందరు దగ్గారు. కోడలు నవ్వలేదు. తెర వైపు చెయ్యి చూపించింది.

"గా చుట్ట ఏందన్నా? చేర్యాల పటం లెక్క ఉండె. సభల నడుమ విప్పిన్రు, గట్ల పోయింది, పోయింది, తలుపు దాకా పోయింది."

ఆ దృశ్యానికి ముందు ఆ పెద్దమనిషి ప్రార్థన చేస్తాడు. పోయినసారి లాగా కండ్లు మూసుకుంటే మేమెవరమూ ఆ చుట్టను చూసేవాళ్ళం కాదు. పాత కథలు గీసిన చేర్యాల పటాన్ని కథ చెప్పేవాళ్ళు విప్పుకుంటూ పోతే పొడుగ్గా నేల మీద పరుచుకుంటుంది. ఆ చుట్ట కూడా అట్లాంటిదే. ఈ వ్యాపారం మాకు వద్దని ఊరూరా జనం చేసిన సంతకాలు అవి అని చెప్పాను.

"చదువు రానోళ్ళు సుత చేసిన్రా?"

"వాళ్ళు గుర్తు పెట్టేవాళ్ళు."

"మనం పెట్టినమా?"

"ఎవరికి?"

"మా ఆయనకు. మీరందరు ఇన్ని రోజులసంది ప్రార్థన చేసిన్రు. మంచిదే. వాళ్ళు ప్రార్థన చేసిన్రు, గిది సుత చేసిన్రు. మనం గిది చెయ్యలె."

అయ్యగారు లాప్‌టాప్ మూశారు. తర్వాత కలెక్టరాఫీసులో సోమవారం సోమవారం ప్రజావాణి ఉంటుందని, ఎవరైనా పోయి అర్జీ ఇవ్వొచ్చని అన్నారు. కాగితం ఉందా అని అడిగారు. ఆఫీసు గదిలో కాగితాలు ఉన్నాయి. కానీ ఆమె లేచి పోయి తెర అంచు పట్టుకుంది.

"గింత పొడుగున్న కాగితం మన దగ్గర లేదు గద," అంది.

స్త్రీల సమాజం పెద్దామె అభ్యంతరం చెప్పింది. "మరి దేవదూతలు?"

"పాత అంగీలు ఏస్కుంటరు," అంది అవ్వ. "వాళ్ళకేం, యాడికైనా ఎగిరి వోతరు, పాస్‌పోర్టు అడిగెటోడు లేడు."

తెర విప్పి, మడత తీసి, చాపల మీద పరిచాం. రాసే పని నాకే వచ్చింది. మహాసభల బ్యానర్లు రాసే చెరగని మార్కరుతో, పై అంచున, మంచి తెలుగులో, ఫలానా మనిషి ఫలానా దేశంలో చిక్కుకొని ఉన్నాడని, ఆయనను విడిపించి ఇంటికి చేర్చాలని, ఈ క్రింద గుర్తులు పెట్టినవారు వేడుకుంటున్నారని రాశాను. చేతి అలవాటు కొద్దీ చివర ఆమేన్ అని రాసేశాను. చెరగని మార్కరు కాబట్టి అట్లనే ఉండిపోయింది.

మొదటి వేలిముద్ర అవ్వది. ఆమె వేలును గుడ్డ మీద ఒత్తి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

ఆ వారమంతా గుడ్డ చుట్ట ఊళ్ళు తిరిగింది. బడి పంతుళ్ళు సంతకాలు చేశారు. కోడలితోపాటు వంట చేసే ఆడవాళ్ళు చేశారు. కుకునూరుపల్లి పోయే దారిలో కల్లు గీసే మనిషి ఒకాయన తాడు భుజాన వేసుకొని నిలబడి మొత్తం చదివించుకున్నాడు.

"ఇందుల ఆమేన్ అని ఉన్నది. వేలు పెడితె మతంల కలిసినట్టా?"

"కాదు."

"నీళ్ళల్ల ముంచుడు ఏం ఉండదు గద?"

"ఏం ఉండదు."

"మా బామ్మర్ది సుత దుబాయిల ఉన్నడు," అని వేలు పెట్టాడు. తర్వాత బామ్మర్ది పేరు మీద ఇంకొకటి పెట్టబోతే ఒకరికి ఒకటే అని చెప్పాల్సి వచ్చింది.

సోమవారం అయ్యగారు, నేను, అవ్వ, కోడలు కలెక్టరాఫీసుకు పోయాం. అయ్యగారు చుట్టను బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. లోపల వరస పొడుగ్గానే ఉంది. మా వంతు రాకముందే అవ్వ విప్పమంది. సినిమాలో వాళ్ళు చేతికి ఇవ్వలేదు, విప్పారు అని ఆమె పట్టు. ఒక అంచు అయ్యగారు పట్టుకున్నారు, ఇంకో అంచు పట్టుకొని నేను వరండా వెంట నడిచాను. గుడ్డ మెట్ల దాకా వచ్చింది. వచ్చేపోయేవాళ్ళు గోడకు ఆనుకొని పక్కగా నడిచారు.

కొద్దిసేపటికి చూస్తే వరసలో ఉన్నవాళ్ళు వంగి వేలిముద్రలు పెడుతున్నారు. స్టాంపు ప్యాడు అవ్వ చేతిలో ఉంది. వచ్చిన ప్రతివాడికి అందిస్తోంది. టోకెను ఇట్లా ఇస్తున్నారేమోనని వాళ్ళు అనుకున్నారట. ఒకాయన పెన్ను తీసి, ఒక మూలన తన బోరుకు కరెంటు లైను సంగతి కూడా రాసుకున్నాడు. నేను చూసేసరికి సంతకం కూడా అయిపోయింది.

లోపలి ఆఫీసరు మంచి మనిషి. బయటికి వచ్చి, గుడ్డ పొడుగునా నడిచి, మొత్తం చదివాడు. బోరు సంగతి కూడా చదివాడు. అడగాల్సినవి అడిగాడు. కోడలు తన బైబిలులోంచి పాస్‌పోర్టు జిరాక్సు తీసి ఇచ్చింది. ఒక తెల్ల కాగితం మీద మళ్ళీ రాసి ఇమ్మన్నాడు, గుడ్డ ఫైలులో పట్టదు కాబట్టి. నేను రాశాను. ఈసారి ఆమేన్ రాయలేదు. గుడ్డను మాత్రం తన ఫోనుతో ఫొటోలు తీయించి, వాటిని కూడా కలిపి పైకి, అక్కడి నుంచి ఎంబసీకి పంపిస్తానన్నాడు.

"ఎంత టైం పడ్తది సార్?" అని కోడలు అడిగింది.

"చెప్పలేనమ్మా. మా చేతిలో ఉన్నంత వరకు తొందరగానే పంపిస్త."

"ఇరవై ఏండ్లయితె గాదు గద?"

ఆయన నా వైపు చూశాడు. సినిమా సంగతి చెబుదామనుకున్నాను కానీ వెనక వరస ఉంది.

"అంత పట్టదమ్మా," అన్నాడు.

ఆ శుక్రవారం ఆమె లేచింది. పాత మాటలే, పాత వరసలోనే చెప్పింది. మేమంతా మోకరించి కండ్లు మూసుకున్నాం. కొంచెం సేపటికి నేను కారణం లేకుండా కండ్లు తెరిచాను. ఆమె కండ్లు తెరిచే ఉంది. తలుపు వైపు చూస్తూ ప్రార్థన చేస్తోంది. మళ్ళీ మూసుకున్నాను.

వానలు వెనకపట్టాక ఒక రోజు ఫోను వచ్చింది. ట్యాంకరు డ్రైవరు నంబరు కాదు, కొత్తది. ఎంబసీ నుంచి ఎవరో కఫీల్‌కు ఫోను చేశారట. కఫీల్ కోపం చేశాడట. తర్వాత ఏమనుకున్నాడో బండి పంపించి, ఆ మనిషిని ఎడారిలోంచి తీసి, పట్నంలో ఒక గోదాం దగ్గర పెట్టాడట. అక్కడ ఫ్యాను ఉందట. ఆమె అదంతా సంఘంలో సాక్ష్యంగా చెప్పింది. చెప్పి, "గని పాస్‌పోర్టు ఇంకా ఆయన చేతికి రాలె," అని ముగించింది. స్తోత్రం అనాలో నిట్టూర్చాలో మావాళ్ళకు తెలియలేదు. అవ్వ ముందు స్తోత్రం అంది, ఆ తర్వాత అందరూ అన్నారు.

క్రిస్మస్‌కు దేవదూతలు పాత అంగీల్లోనే వచ్చారు. పోయినేడాది కంటే ఒక జానెడు పొట్టిగా ఉన్నాయి, కాళ్ళు కనబడ్డాయి. గుడ్డను మళ్ళీ గోడకు కట్టాం. పాటల అక్షరాలు ఇప్పుడు దాని మీదనే పడతాయి. వేలిముద్రల మీద పడ్డ అక్షరాలు సరిగా కనబడవు. పాట వచ్చినవాళ్ళు పాడుతున్నారు, రానివాళ్ళు నేర్చుకుంటున్నారు. బోరు ఆయనకు లైను వచ్చిందని విన్నాం.

ఇది రాస్తున్న రోజుకు ఆ మనిషి గోదాం దగ్గరే ఉన్నాడు. కాగితాలన్నీ అయ్యాయని ఆఫీసరు చెప్పాడు. ఇంక ఒక్క సంతకం మిగిలింది, అది కఫీల్‌ది. మేము ఎంత గుడ్డ నింపినా అతని పేరు మేము రాయలేం. రాజుల మనసును కాలువలా తిప్పగలిగే దేవుడు ఒక్క మనిషి చేతిని పెన్ను దాకా తేగలడని మా సంఘం నమ్ముతోంది. నేనూ నమ్ముతున్నాను.

చదువుతున్న అక్కలారా, అన్నలారా, ఈ పేజీ పక్కన పెట్టే ముందు మాతో కలిసి ప్రార్థించండి. మాటలు కష్టమేమీ కాదు, ఆమె మాటలే చాలు. మా ఇంటాయన పాస్‌పోర్టు ఆయన చేతికి రావాలె, ఆయన ఇంటికి రావాలె. కండ్లు మూసుకున్నా సరే, తెరుచుకున్నా సరే, ఆమెలాగా తలుపు వైపు చూస్తూ అడగండి. ఆమేన్ అన్న తర్వాత వెంటనే లేవకండి. ఇంకా సగం ఉంది.